పుస్తెలు తీసిన మెడ

తాతమ్మ నెత్తిన అయస్కాంతం పెడుతున్నారనీ, దానికోసం రోజూ మెడలో పుస్తెలు ఊడదీయిస్తున్నారనీ పక్కింటి పోలమ్మ కుళాయి దగ్గర చెప్పిందట. మొగుడు నూకయ్య వేటకెళ్ళి సముద్రం మీద ఉండగా ఇదేం వైద్యమని బుగ్గలు కూడా నొక్కుకుందట. బిందె నిండేలోగా ఆ మాట కళింగపట్నం పేటంతా తిరిగి, తాతమ్మ అత్త నారాయణమ్మ చెవిన పడింది.

ఆ వేళకి తాతమ్మ ఒడ్డున నెత్తళ్ళ చేపలు ఆరబోస్తోంది. పాత వల మీద గుప్పెడేసి జల్లి, ఒకదాని మీద ఒకటి పడకుండా అరచేత్తో నెరుపుతోంది. ఉప్పుకి పగిలిన వేళ్ళు, ఎండకి మాడిన మెడ, నడుముకి బిగించిన కొంగు. ఊహ తెలిసినప్పటినుంచీ ఇదే పని. పోయిన వానాకాలం మాత్రం కళ్ళెదుటే కుక్క చేపలు తింటుంటే అదిలించలేదు. చెయ్యి లేవలేదు, ఏడుపూ రాలేదు. మాత్రలు మింగగా మింగగా మంచం దిగింది, అంతే. అవి మానకుండానే ఈ అయస్కాంతం వైద్యాన్నీ చేసి చూద్దామని శ్రీకాకుళంలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ మిషను కుర్చీలో కూర్చోబెట్టింది. పడవ చెక్కలో మేకులు దిగ్గొడుతున్నట్టు నెత్తి మీద టకటకమంటుంది. తల దగ్గర, మెడ దగ్గర ఇనుమూ బంగారమూ ఏదీ ఉండకూడదు. కొన్నాళ్ళకి ఓ పొద్దున నెత్తళ్ళ నీచువాసన ముక్కుకి తగిలింది. ఆ వారమే కుక్క మీదికి కర్ర విసిరింది.

ఇంటికొచ్చి చేతులు కడుక్కుని శ్రీకాకుళం బస్సుకి బయల్దేరబోతే నారాయణమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పడవ బోల్తాపడి తన మొగుడు తిరిగి రాని నాటినుంచీ గాలి కాస్త మారితే చాలు, ఆవిడ చూపు సముద్రం మీదే.

"నూకయ్య ఒడ్డుకొచ్చేదాకా ఎల్లొద్దు. మాత్రలు మింగుతన్నావు గదా, సాలదేటి?"

"మాత్ర మంచం దింపింది. మద్దిలో మానీసి మళ్ళీ అదే మంచమెక్కమంటావేటి?"

దడి అవతల పోలమ్మ నవ్వింది. "ఆ అయస్కాంతం వలకి కట్టినా నాలుగు సేపలు పడును గదే."

"నీ నాలిక్కి కట్టించుకో, పోలమ్మా. ఊరంతా తిరక్కుండా ఉంటాది," అంది తాతమ్మ.

తను అన్ని నెలలు గోడకేసి తిరిగి పడుకుంటే ఏటయిందే అని అడిగిన దిక్కు లేదు. తన మెడ చూసేవాళ్ళే గానీ మొహం చూసినవాళ్ళు ఈ పేటలో లేరు. ఆస్పత్రిలో తీసి మళ్ళీ వేసుకునే పుస్తెలతాడుని ఇప్పుడే, అత్త కళ్ళ ముందే తల మీంచి తీసింది. నూకయ్య చొక్కా తగిలించే మేకుకి తగిలించింది. చెమటకి తడిసిన తాడు గోడ మీద అటూ ఇటూ ఊగింది.

నారాయణమ్మ కూర్చున్నచోటునుంచే తాడుకేసి చెయ్యి చాచింది. "ఆడి పేనం ఆ తాడులోనే ఉన్నాదే."

తాతమ్మ ఆవిణ్ణి దాటి వచ్చి, చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

"మావ మునిగిపోయిననాడు నీ తాడు నీ మెళ్ళోనే ఉన్నాది గదా, అత్తా."