పొడుగు ఈల

ఆ సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు గుండ్లబస్తీలో మూడు ఈలలు మోగాయి. మోగించినవాడు యాదయ్య. ఎందుకు మోగించాడో అతనికే సరిగ్గా తెలియదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత అతన్ని తిట్టేవాళ్ళూ మెచ్చేవాళ్ళూ ఈ ముక్క మరిచిపోకూడదు.

హైటెక్ సిటీ పేరు అప్పటికే రోజూ పేపర్లో పడుతోంది. ఫొటోల్లో గాజు మేడలు తళతళలాడేవి. మేడ లేవాలంటే ముందు అక్కడి బండరాతి గుండు పగలాలి కదా, ఆ గుండ్లు మాత్రం ఏ ఫొటోలోనూ పడలేదు. పాలమూరు నుంచి వచ్చిన అరవై కుటుంబాలు గుండ్లు పగలగొట్టి, ఆ ముక్కలతోనే గోడలు పేర్చుకుని, పైన రేకులు కప్పుకుని అక్కడే ఉంటున్నాయి. చందానగర్లో గదులు లేక కాదు, ఆ కిరాయిలు కట్టలేక. గుండ్లబస్తీలో కిరాయి లేకపోవడానికి ఒక కారణం ఉంది. రోజుకు రెండుసార్లు గుండ్లు పగలగొట్టే మందు తూటాలు పేలేవి. పిడికిలంత రాళ్ళు రేకులు చీల్చుకుని ఉడికే అన్నంలో పడేవి. అలాంటి చోట ఇంకెవడుంటాడు? చౌక అంటే అదే మరి.

అందుకే ఆ బస్తీకి ఈలే గడియారం. ఎర్రగుడ్డ ఊపుతూ మూడు పొట్టి ఈలలు వేస్తే తూటా పేలబోతోందని. ఆడవాళ్ళు పొయ్యి మీది గిన్నె దించి, పిల్లల్ని చంకనేసుకుని రోడ్డవతల మురికికాలువ మోరీ గట్టు వెనక్కి పరిగెత్తేవాళ్ళు. పేలడం అయిపోయాక ఒక్క పొడుగు ఈల. ఏం భయం లేదు, ఇళ్ళకు రండి అని దాని అర్థం. దూరంగా మేడల మీద సెంట్రింగు పని చేసే మగవాళ్ళు ఆ పొడుగు ఈల వినిపించాకే మళ్ళీ సుత్తి ఎత్తేవాళ్ళు.

ఆ ఈల యాదయ్యకు ఇచ్చినవాడు కిష్టయ్య. గుండుకు బెజ్జాలు వేసి మందు కూరే తూటాల పని నేర్పిందీ ఆయనే. నెల కిందట రాయి పడి కిష్టయ్య కాలు నుజ్జయింది. కాంట్రాక్టరు సీతారామయ్య ఆయన్ని దవాఖాన గుమ్మంలో దింపి చేతులు దులుపుకున్నాడు. మంచాన పడ్డ కిష్టయ్య తన మెడలో ఈల తీసి యాదయ్య చేతిలో పెట్టాడు.

"బిడ్డా, నీ చేత్తోని మందు కూరినప్పుడే ఈల ఎయ్యి. ఇంకొకడు చెప్పిండని ఎయ్యకు. ఇది ఇన్నంక జనం ఇండ్లు ఇడిసిపెట్టి పోతరు. యాదిల పెట్టుకో."

యాదయ్య యాదిలో పెట్టుకున్నాడు. సరిగ్గా నెల రోజులు.

ఆ సోమవారం సైటు ఇంజనీరు విశ్వేశ్వరరావు వచ్చి, "యాదయ్యా, ఇవాళ తొమ్మిదిన్నరకే ఈల వేసెయ్. బస్తీ పక్కనున్న పెద్దగుండు పేలుస్తున్నాం" అన్నాడు.

"నేను మందు కూరలే గద సార్?"

"కొత్తవాళ్ళొచ్చి కూరారులేవయ్యా. నువ్వు ఈల వెయ్యి, చాలు. ప్రతిదానికీ ప్రశ్నలేనా?"

యాదయ్యకు కిష్టయ్య మాట గుర్తొచ్చింది. కానీ చెప్పింది చదువుకున్నవాడు, పెద్ద సారు. మనకు చిన్నప్పటి నుంచీ నేర్పిన చదువు అదొక్కటే గదా, సారు చెబితే తల ఊపడం. యాదయ్య ఎర్రగుడ్డ ఊపి మూడు ఈలలు వేశాడు.

బస్తీ ఖాళీ అయింది. మోరీ వెనక ఆడవాళ్ళు పసిపిల్లల చెవులు మూసి కూర్చున్నారు. ఎంతసేపటికీ తూటా పేలలేదు. గరగరమని ఇంకేదో చప్పుడు మొదలైంది.

యాదయ్య పెళ్ళాం లచ్చమ్మ తల ఎత్తింది. "ఇది తూటా సప్పుడు గాదే అమ్మా! మన ఇండ్ల కాడికెల్లి వస్తున్నది!"

పెద్దగుండు చాటు నుంచి బుల్డోజరు వచ్చింది. అడ్డం నిలబడటానికి బస్తీలో ఒక్క మనిషి లేడు. ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చేసరికి సీతారామయ్య మనుషులు కర్రలు పట్టుకుని దారి కట్టేశారు. యాదయ్యనూ అటు రానివ్వలేదు. గోడలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు, దేవుడి పటాలు రాళ్ళ కింద నలుగుతున్నాయి.

"ఆపుండ్రి! లోపట మా నాయిన ఉన్నడు!" అని కిష్టయ్య కూతురు నాగమణి అరిచింది.

కిష్టయ్య నడవలేడు. ఈల మోగినప్పుడల్లా మూలనున్న షాబాదు బండ అరుగు కిందికి పాకి దాక్కునేవాడు. ఆ రోజూ నాగమణి ఆయన్ని అందులోకి పంపాకే మోరీ దగ్గరికి పరిగెత్తింది. ఆమె కేక విని కర్రలవాడొకడు నవ్వాడు. ఇంకొకడు ఆమె నడుం మీద ఒక దెబ్బ వేశాడు. బుల్డోజరు ఆగలేదు.

ఇరవై రెండు ఇళ్ళు పడ్డాక అది వెళ్ళిపోయింది. జనం వట్టి చేతులతో రాళ్ళు తీశారు. గోళ్ళు ఊడి నెత్తురు కారినా ఆపలేదు. షాబాదు బండ రెండు ముక్కలైంది. దాని కింద కిష్టయ్య ముడుచుకుని ఉన్నాడు. రెండు చేతులూ చెవుల మీద ఉన్నాయి. తూటా పేలుతుందని నమ్మి, ఎదురుచూస్తూ చచ్చిపోయాడు.

నాగమణి లేచి వచ్చి యాదయ్య రెండు చెంపలూ వాయించింది. లచ్చమ్మ అడ్డం రాలేదు. యాదయ్య చెయ్యి ఎత్తలేదు. ఈల తీసి కిష్టయ్య కాళ్ళ దగ్గర పెట్టి కూలబడ్డాడు. నేనే చంపిన, నేనే చంపిన అని ఏడ్చాడు.

పోలీసులు వచ్చి, పాత గోడ కూలి చనిపోయాడని రాసుకుని పోయారు. మిగతా ఇళ్ళు రేపు తీసేస్తామని కూడా వాళ్ళే చెప్పారు.

సాయంత్రం శవం చుట్టూ బస్తీ అంతా కూర్చుంది. తూటాల ఎర్రగుడ్డే కిష్టయ్య మీద కప్పారు. మాటలు లేచాయి.

"మూట గట్టుకోని పాలమూరు పోదాం."

"పోయి ఏం తింటవ్? మన్నా?"

"సీతారామయ్యను అడ్డంగ నరకాలె!"

నాగమణి కళ్ళు తుడుచుకుంది. "ఒక్కన్ని నరుకుతే ఇంకొక సీతారామయ్య వస్తడు. గుండ్లు ఉన్నన్ని దినాలు మనం కావాలె. ఇప్పుడు జాగా సాఫ్ అయింది, మనల్ని సాఫ్ చేస్తున్నరు. ఇయ్యాల ఎట్ల గెలిచిండ్రు వాళ్ళు? మనం ఇండ్లల్ల లేం. మేడల మీద మీరు, మోరీ ఎనక మేము. రేపు మూడు ఈలలకు ఒక్కరు గూడ కదలొద్దు. పొడుగు ఈల ఇనబడితే మేడల మీదున్నోళ్ళంత దిగి రావాలె. పొద్దుగాల్నే నేను అన్ని సైట్లు తిరిగి చెప్తా."

"మరి నిజంగనే మందు కూరితే? పిల్లగాండ్లు సస్తరు గదా?" అని ఒక ముసలమ్మ అడిగింది.

కిష్టయ్య కాళ్ళ దగ్గర కూలబడ్డ యాదయ్య తల ఎత్తాడు. "అది జూసుడు నా పని. నన్ను నమ్ముతరా?"

నాగమణి తండ్రి కాళ్ళ దగ్గరి ఈల తీసి అతని మెడలో వేసింది. "నమ్మి గాదు. తప్పు నువ్వు జేసినవ్, నువ్వే దిద్దాలె."

మర్నాడు బుల్డోజరు ముందు రెండు వ్యాన్ల పోలీసులు, కర్రలవాళ్ళు దిగారు. ఈసారి సీతారామయ్య స్వయంగా వచ్చాడు. ఆడవాళ్ళు మిగిలిన గుమ్మాల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యలో కిష్టయ్య శవం ఉంది.

"పెద్దగుండుకు ఇవాళ నిజంగానే మందు కూరించాను. కదలకపోతే మీ చావు మీరు చస్తారు. వెయ్యరా ఈల!" అని సీతారామయ్య అరిచాడు.

యాదయ్య పెద్దగుండు ఎక్కాడు. మొదటి బెజ్జం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల మందే ఉంటే తను ముక్క కూడా దొరకడు. కింద లచ్చమ్మ కళ్ళు మూసుకుంది. యాదయ్య వేళ్ళు పెట్టి తోడాడు. ఇసుక. రెండో బెజ్జం తోడాడు. ఇసుక. ఆరు బెజ్జాలూ తోడి, ఆఖరి గుప్పెడు ఇసుక సీతారామయ్య వైపు విసిరాడు.

"మందు లేదు! ఉత్త ఇసుక! నిన్న గిట్లనే చంపిండ్రు మా కిష్టయ్యను!"

ఈల నోట్లో పెట్టుకున్నాడు. ఊపిరి ఉన్నంతా పొడుగ్గా ఊదాడు.

మేడల మీద సుత్తులు ఆగాయి. ఒక మేడ మీంచి పదిమంది దిగారు. పక్క మేడ మీంచి యాభైమంది, ఆ వెనక మేడ మీంచి ఇంకా. గడ్డపారలు, రాడ్లు చేతపట్టుకుని వందల మంది దుమ్ము రేపుకుంటూ వచ్చారు. గుండ్లబస్తీ ఎక్కడుందో కూడా తెలియని ఒడిశా మేస్త్రీలు, బిహారు కూలీలు కూడా వాళ్ళలో ఉన్నారు.

లాఠీలు లేచాయి. మొదటి దెబ్బకు లచ్చమ్మ తల పగిలింది. రెండో దెబ్బ పడకముందే నాగమణి ఆ లాఠీ లాక్కుంది. రాళ్ళు గాల్లోకి లేచాయి. పగలగొట్టడం తప్ప ఇంకేమీ నేర్వని చేతులు అవి, గురి తప్పలేదు. కర్రలవాళ్ళు కర్రలు వదిలి పరిగెత్తారు. సీతారామయ్య చెప్పులు అక్కడే వదిలి కారెక్కాడు. డ్రైవరు దూకి పారిపోతే, జనం బుల్డోజరు మీదెక్కి గడ్డపారలతో దాని ఇంజను ముక్కలు చేశారు. నాకైతే ఆ చప్పుడు ఎంతో ఇంపుగా ఉంది, దాచుకోవడం దేనికి?

పోలీసులు పోతూ పోతూ గుండు మీది యాదయ్యను ఈడ్చుకెళ్ళారు.

ఠాణాలో మూడు రోజులు కొట్టారు. ముందరి పళ్ళు నాలుగు ఊడాయి, పెదవులు చీలాయి. ఎస్సై ఆ ఈలను బూటు కింద వేసి నలిపాడు.

"ఇగ దేంతోని పిలుస్తవో పిలువురా."

నాలుగో రోజు పొద్దున కోర్టుకు తీసుకుపోతూ వ్యాను బస్తీ ముందు నుంచే పోనిచ్చారు. కొత్త బుల్డోజరు వచ్చి నిలబడి ఉంది, అది చూసి వీడి పొగరు దిగాలని. యాదయ్య వ్యాను కిటికీ జాలీలోంచి చూశాడు. కూలిన చోట మళ్ళీ రాళ్ళు పేర్చి ఉన్నాయి. గుమ్మంలో లచ్చమ్మ తలకు కట్టుతో నిలబడింది. ఆమె పుస్తెల తాడు పక్కన చందానగర్ బజారులో పిల్లలకమ్మే పచ్చ ప్లాస్టిక్ ఈల వేలాడుతోంది. నాగమణి మెడలో ఒకటి. ముసలమ్మ మెడలో ఒకటి. గుమ్మం గుమ్మానికీ ఉంది.

లచ్చమ్మ పొడుగ్గా ఊదింది. పక్క గుమ్మం అందుకుంది, ఆ పక్క గుమ్మం అందుకుంది. మేడల మీద సుత్తులు ఆగాయి.

"వాని ఈల నలగ్గొట్టినం గదా, ఇదేంది?" అని ఎస్సై డ్రైవరు మీద కస్సుమన్నాడు.

యాదయ్య చీలిన పెదవులతో నవ్వాడు. నెత్తురు గడ్డం మీదికి కారింది.

"ఇండ్లకు రమ్మంటున్నరు సార్" అన్నాడు.