నాయన ముక్కలు

"నాయన ముక్కలు పక్కకు తీసినావా?"

కోడి కోసిన ప్రతి ఆదివారం మా అత్త తిప్పమ్మ అడిగే మాట. తీసేదాన్ని. కార్జం, గుండెకాయ, లోపలి పసుపు పొర ఒలిచి కడిగిన కందనకాయ, అన్నీ చిన్న గిన్నెలో మిరియాలపొడి చల్లి వేయించి మా ఆయన పళ్ళెంలో పెట్టేదాన్ని. ఆ పేరు పెట్టింది మాత్రం అత్త కాదు. మా కూతురు ఝాన్సీ మూడేళ్ళప్పుడు గిన్నెలో చెయ్యి పెడితే, చేతిమీద ఒకటేసి, "అవి నాయన ముక్కలు, ముట్టుకోగూడదు" అన్నది నేనే. ఆ తర్వాత మా ఇంట్లో వాటికి వేరే పేరే లేకుండా పోయింది.

నేను గోరంట్ల దగ్గర అంగన్‌వాడీ టీచర్ని. నెలనెలా కడుపుతో ఉన్నవాళ్ళను కూర్చోబెట్టి, రక్తం పట్టాలంటే కార్జం తినండమ్మా అని గొంతు చించుకుంటాను. సాయంత్రం ఇంటికొస్తే ఆ మాట నాకే గుర్తుండేది కాదు.

2004లో, తొమ్మిదో తరగతి చదివే ఝాన్సీ ప్రేయర్‌లో కళ్ళు తిరిగి పడిపోయింది. పెనుకొండ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రక్తం ఆరు గ్రాములే ఉందని చెప్పి, డాక్టరమ్మ దాన్ని అడిగింది.

"కార్జం, కందనకాయ తింటావా?"

"మా ఇంట్లో కోళ్ళకి అవి ఉండవు మేడం."

అది ఎగతాళికి అనలేదు. నాయన ముక్కలంటే అవేనని తెలియక, నిజంగానే అట్లా అనుకుంది. డాక్టరమ్మ చీటీలో నా ఉద్యోగం రాసుకుంటున్నదల్లా తలెత్తి నన్ను చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. బస్సులో ఝాన్సీ నా భుజం మీద నిద్రపోయింది. నేను దాని పాలిపోయిన గోళ్ళు చూస్తూ కూర్చున్నాను. దాని రక్తం నేనే తాగినట్టనిపించింది.

ఆ ఆదివారం గిన్నె ఝాన్సీ ముందు పెట్టాను.

"నాయన ముక్కలు దానికి పెడ్తాండావేమి?" అంది అత్త. మా ఆయన పళ్ళెం ముందు చెయ్యి ఆపి చూస్తున్నాడు.

ఝాన్సీ గిన్నె వెనక్కి తోసింది. "నాయనకే పెట్టు మా. నాకిష్టం లేదు."

ఎన్నడూ తిననిదాన్ని ఇష్టం లేదనడం అది నా దగ్గరే నేర్చుకుంది. పెళ్ళయినప్పటినుంచీ నేనూ అదే చెబుతున్నాను. ఊరికే తినమంటే తినదు. అందరూ చూస్తుండగానే దాని పక్కన కూర్చుని, కందనకాయ ముక్క తీసి నోట్లో వేసుకున్నాను.

"ఎట్లుండాది మా?"

"గట్టిగా ఉండాది, బాగా నమలాల" అంటూ, కార్జం దాని నోటికి అందించాను.