చుక్క ముట్టని ఇల్లు

మోయ్రా సింకు దగ్గర నిలబడి బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. తీసిన దుంపను తీసినట్టే నీళ్ళ గిన్నెలో వేస్తోంది. వెనక మేనత్త ఆగ్నెస్ బల్ల మీద పిండి ఒత్తుతోంది. శనివారం వచ్చిందంటే ఆ ఇంట్లో పేస్టీలు ఉండాల్సిందే. మాంసం, దుంపలు, ఉల్లిపాయ పిండిలో పెట్టి మడిచి కాలుస్తారు. అమెరికాలోని ఈ బ్యూట్ ఊళ్ళో రాగి గనిలోకి దిగిన ప్రతివాడూ ఇవి మూట కట్టించుకునే దిగాడు. గనులు మూతపడ్డాయి గాని ఆ ఆకలి మూతపడలేదు.

మోయ్రా తండ్రి కాన్ హారిగన్ కిటికీ పక్కన కూర్చుని వేళ్ళ కణుపులు నొక్కుకుంటున్నాడు. చూపుడు వేలు, నడిమి వేలు, ఆ రెండే. చలికి పట్టేశాయని నిరుటి నుంచీ చెబుతున్నాడు. ఇప్పుడు చూస్తే నడి వేసవి.

మోయ్రా చూపు దుంప మీద ఉన్నా మనసంతా ఆయన మీదే ఉంది. ఇవాళ ఎలాగైనా ఆయన చేత రక్తపరీక్ష చేయించాలి. శనివారాలు క్లినిక్ మధ్యాహ్నానికే మూసేస్తారు.

ఆమె సరదాకు కొనుక్కున్న డబ్బాతో మొదలైందిదంతా. గొట్టంలో కాస్త ఉమ్మి పోసి పోస్టులో పంపితే, తాతముత్తాతలు ఏ గడ్డ వాళ్ళో, ఒంట్లో ఏ జబ్బు పొంచి ఉందో చూసి చెబుతారు. ఫలితాలు వచ్చాయి. ఇంట్లోవాళ్ళు మొదటి సంగతి విని నవ్వడంలో పడి, రెండోది చెవిన పెట్టలేదు.

"ఆ కార్న్‌వాల్ ముచ్చట ఇంకోసారి చెప్పవే," అంది అత్త.

"నా రక్తంలో పావు వంతు ఇంగ్లండులోని ఆ మూలదేనట, అత్తా."

"ఎవరి ఉమ్మో కలిసిపోయుంటుంది," అన్నాడు కాన్. "మనం ఐర్లండు వాళ్ళం. గనిలో మన చేత రాళ్ళు మోయించి, పక్కన నిలబడి ఈలలేసుకున్న మేస్త్రీలు వాళ్ళు. వాళ్ళ రక్తం మనకెక్కడిదీ? ఉంటే మీ అమ్మ వైపుదై ఉంటుంది."

"పోయిన మనిషి మీదకి తోస్తావేంరా? పేస్టీలు ఈ ఊరికి తెచ్చిందే ఆ మేస్త్రీలు. నువ్వు వాటి కోసం పడి చస్తుంటే నాకెప్పుడో అనుమానం వచ్చింది."

కాన్ ఏదో అనబోయి నవ్వేశాడు. ఇదే అదను అనుకుని మోయ్రా చేతులు తుడుచుకుని వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నాన్నా, రెండో సంగతి కూడా విను. నా ఒంట్లో ఇనుము పేరుకుపోయే గుణం ఉందట. అమ్మ నుంచి ఒక పాలు, నీ నుంచి ఒక పాలు వచ్చాయి. మన ఐర్లండు వాళ్ళలో ఇది ఎక్కువేనట. డాక్టరమ్మ నా రక్తం చూసింది. కాస్త ఎక్కువే ఉంది. మీ నాన్నకు తప్పకుండా చూడాలంది. మగవాళ్ళకు ముందే ముదురుతుందట. కీళ్ళలో చేరుతుంది, కాలేయంలో చేరుతుంది."

"నా కాలేయానికేం? చుక్క ముట్టినవాణ్ణి కాదు."

ఆ ఇంట్లో ఆ మాట తర్వాత ఇంకో మాట ఉండదు. కాన్ తండ్రి బార్ట్లీ చిన్నప్పుడే చర్చిలో తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఒట్టుకు గుర్తుగా ఇచ్చిన బిళ్ళ ఎప్పుడూ కోటు మీదే ఉండేది. పని దిగాక మాత్రం స్నేహితులతో సారాకొట్లో కూర్చునేవాడు, సోడా ముందు పెట్టుకుని. తాటిచెట్టు కింద పాలు తాగినవాణ్ణి ఎవరు నమ్ముతారు? నడివయసులోనే కాలేయం పాడై చనిపోయాడు. దొంగతాగుడన్నారు ఊళ్ళో. ఇంట్లోనూ అదే అనుకున్నారు. అప్పటినుంచి అక్కాతమ్ముళ్ళు ఆ వాసన కూడా సోకనివ్వలేదు. తాగకపోతే చాలు, కాలేయం దేవుడి పెట్టెలో భద్రంగా ఉన్నట్టేనని కాన్ నమ్మకం.

"ఇది తాగుడుతో వచ్చేది కాదు నాన్నా. పుట్టుకతో వచ్చేది," అంది మోయ్రా. "నీరసమని అత్త రోజూ పోసే టానిక్ ఉందే, అందులో ఉండేదీ ఇనుమే. పరీక్ష అయ్యేదాకా అది ఆపాలి."

అత్త చేతిలో అప్పడాల కర్ర ఆగిపోయింది. "అయ్యో, చెంచా నిండా పోశానే. వీడు వద్దంటే తిట్టి మరీ పోశాను."

"బలానికేగా పోశావు. జబ్బు ఉన్నా భయం లేదు. అప్పుడప్పుడూ కాస్త రక్తం తీసేస్తారు, అంతే వైద్యం. నేను మొన్న రక్తదానం చేసొచ్చాను. పడుకోబెట్టి బిస్కట్లు కూడా పెట్టారు."

"మరి ఇంటికి తేలేదేం?" అన్నాడు కాన్.

"నువ్వే వెళ్ళి తినరాదూ."

కాన్ మాట దాటేసి కిటికీలోంచి చూడసాగాడు. అత్త పిండి మడిచి అంచులు నొక్కుతూ, నొక్కుతూ ఆగింది.

"మోయ్రా, ఆ జబ్బొస్తే మనిషి రంగేమైనా మారుతుందా?"

"మారొచ్చు. రాగి రంగు వస్తుందట కొందరికి."

"మా నాన్న చివర్లో రాగి చెంబులా అయిపోయాడే."

కాన్ మెల్లగా ఇటు తిరిగాడు.

"తాతకు ఇదేనని నేను చెప్పలేనత్తా," అంది మోయ్రా. "ఇప్పుడెవరూ చెప్పలేరు. కానీ చుక్క ముట్టనివాళ్ళకు కూడా ఇలా కాలేయం పోతుంది."

"ఆయన బిళ్ళ శవపేటికలో పెట్టడానికి అమ్మకు సిగ్గేసింది," అంది అత్త. కళ్ళు తుడుచుకోబోతే చేతి పిండి బుగ్గకంటింది. తర్వాత నెమ్మదిగా, ఎందుకో కాస్త సంతోషంగా కూడా, అంది: "పాపం, ఆ సోడా నిజంగా సోడాయేనేమోరా, కాన్."

కాన్ కాసేపు అక్క ముఖం వంకే చూశాడు. మోయ్రా లేచి వెళ్ళి పేస్టీల పళ్ళెం ఓవెన్‌లో పెట్టి దాని తలుపు మూసింది.

ఆమె వెనక్కి తిరిగేసరికి కాన్ లేచి నిలబడి ఉన్నాడు. ఎడమచేతి చొక్కా గుండీ విప్పి, మోచేతి పైదాకా జాగ్రత్తగా మడుచుకున్నాడు. మేకుకు వేలాడుతున్న బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.