మూత తియ్యని సీసా

బయలుదేరే ముందు ఆమె రెండు సీసాల్లో మంచినీళ్లు పట్టింది, పెద్దదానికి ఒకటి, చిన్నాడికి ఒకటి. తనకు పట్టుకోలేదు. బయటికి వెళ్లే రోజున ఆమె పొద్దున్నుంచే గొంతు తడుపుకోదు. పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటే, ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. అత్తగారు టీవీ ముందు నుంచే ఒక కేక వేశారు.

"అమ్మాయ్, పిల్లదానికి నీళ్లు ఎక్కువ పట్టకు. దారిలో అవస్థ."

పిల్లదానికనే అన్నారు. చిన్నాడికి ఏ అవస్థా లేదు, వాడికి దారి పొడుగునా గోడలే.

ఊరి మధ్యలో ఉన్న పాత ఆటస్థలాన్ని ఆమె ఆఫీసు గీసిచ్చిన నమూనా ప్రకారం బాగుచేసి ఆ వారమే తెరిచారు. తుప్పు పట్టిన జారుడుబల్ల పోయి మెలికలు తిరిగే కొత్తది వచ్చింది. కిందపడినా మోకాళ్లు చెక్కుకుపోకుండా నేలంతా మెత్తటి రబ్బరు, తాళ్లతో అల్లిన పెద్ద సాలెగూడు, మధ్యలో ఫౌంటెన్. "మీ ఆఫీసువాళ్లు అదరగొట్టేశారే!" అన్నాడు భర్త. మీ ఆఫీసువాళ్లట. ఆ సాలెగూడు ఎత్తు ఎన్నిసార్లో మార్చి మార్చి గీసింది తనేనని చెప్పబోయింది. ఇంతలో ఉయ్యాల దగ్గర చిన్నాడు గోల మొదలుపెట్టాడు, అటు పరుగెత్తింది. ఇలా చెప్పబోయి మింగేసిన మాటలు ఆమె దగ్గర చాలానే పోగుపడ్డాయి.

ఆమె గీసిన నమూనాలో ఫౌంటెన్ లేదు. అది ఉన్నచోట చిన్న మరుగుదొడ్డి ఉండేది, పిల్లల చేతికందే ఎత్తులో కుళాయి, లోపలి నుంచి సరిగ్గా పడే గడియ. నమూనా తెరమీద పెట్టిన రోజు పెద్దసారు కళ్లజోడు పైకి తోసుకుని, "గంటసేపు ఆడుకుని పోయే చోట ఇదెందుకమ్మా?" అన్నాడు. "పిల్లలకి సార్, వాళ్లని తీసుకొచ్చే ఆడవాళ్లకి కూడా..." అంటుండగానే, "మేడంగారికి తొందర కాస్త ఎక్కువలా ఉందే" అన్నాడు. గదంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే మరీ ముఖం మాడ్చుకున్నట్టుంటుంది కదా. నవ్వుతూనే ఆ నాలుగు గోడల్నీ చెరిపేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కూరలో ఉప్పు మర్చిపోతే, "ధ్యాసెక్కడ పెట్టావు?" అన్నాడు భర్త. ఆమె లేచి ఉప్పు డబ్బా తెచ్చింది.

ఎండెక్కింది. చిన్నాడు సీసా ఖాళీ చేసేసి, కాళ్లు మెలిక వేసుకుంటూ వచ్చి "నాన్నా, ఒకటికొస్తోంది" అన్నాడు. "రారా" అని తండ్రి వాణ్ని ప్రహరీ వెనక్కి తీసుకెళ్లాడు. తండ్రీకొడుకులిద్దరూ పని ముగించుకుని, ఏదో జోకుకి నవ్వుకుంటూ తిరిగొచ్చారు.

పెద్దది ఎక్కడా అని చూసింది ఆమె. ఏడేళ్ల పిల్ల, అందరికంటే ముందు సాలెగూడెక్కాలని రాత్రంతా కలవరించిన పిల్ల, బెంచీ చివర మోకాళ్లు దగ్గరికి నొక్కిపెట్టి కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. పక్కనున్న సీసాకి పొద్దున బిగించిన మూత బిగించినట్టే ఉంది.

"నీళ్లు తాగలేదేమే?"

"వద్దమ్మా. నువ్వు కూడా తాగలేదుగా."

ఆమెకు బడి నుంచి రోజూ నిండుగా తిరిగొచ్చే సీసా గుర్తొచ్చింది. ఆ నీళ్లు తొట్టిలో పారబోస్తూ, పిల్లకి దాహం తక్కువనుకుంది ఇన్నాళ్లూ. మూత్రంలో మంటని తను డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడల్లా, నీళ్లు బాగా తాగమ్మా అని తనకు చెప్పి పంపేవారు. తాగి ఎక్కడికి వెళ్లాలో ఏ డాక్టరూ చెప్పలేదు. ఆపుకోవడం ఆమెకు వచ్చిన మొదటి విద్య. ముందు ఒకటికి ఆపుకోవడం, తర్వాత నవ్వు, తర్వాత కోపం, ఆ తర్వాత ఏడుపు. అన్నిటికీ అదే మాట, అదే పట్టు. ఒక్కరోజైనా కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా పిల్ల చూసి నేర్చేసుకుంది.

"ఇప్పుడు వస్తోందా?"

పిల్ల తలూపింది. "కింద నొప్పిగా ఉందమ్మా." మళ్లీ తనే అడిగింది. "నీకు ఎన్నేళ్లప్పుడు అలవాటైంది?"

అలవాటు కాలేదు తల్లీ అని చెప్పాలనుకుంది. చెప్పే బదులు, సంచీలోంచి పెద్ద తువ్వాలు తీసి, పిల్ల చెయ్యి పట్టుకుని నేరుగా ఫౌంటెన్ వెనక్కి నడిచింది, తను గీసిన తలుపు ఉండాల్సిన చోటికి. తువ్వాలు రెండు చేతులా చాచి పట్టుకుంది.

"కూర్చో."

"అందరూ ఉన్నారమ్మా."

"ఉండనీ."

భర్త గబగబా వచ్చాడు. "ఏంటిది, నలుగురూ చూస్తున్నారు! ఇంటికి పది నిమిషాలు. అంతమాత్రం ఆపుకోలేదా?"

"ఆపుకోగలదండీ," అంది ఆమె. "అదే నా ఏడుపు."

తువ్వాలు వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది. "రావట్లేదమ్మా."

ఏడేళ్లకే పిల్ల ఒళ్లు పిల్ల మాట వినడం మానేసింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు కాళ్లమీద కూర్చోబెట్టుకుని చేసిన శబ్దమే మళ్లీ చేసిందామె, "ఉస్స్... ఉస్స్..." అంటూ. భర్త ముఖం తిప్పుకున్నాడు. బెంచీల మీది ఆడవాళ్లు చూస్తున్నారు, వాళ్లలో ఒకామె లేచి నిలబడింది. రెండు చేతులూ తువ్వాలు పట్టుకుని ఉన్నాయి కాబట్టి, కళ్లు నిండినా తుడుచుకునే వీల్లేకపోయింది. ఆమె తుడుచుకోవాలనీ అనుకోలేదు. ఇన్నేళ్లదీ ఒక్కసారిగా, నలుగురి ముందూ ఎక్కి ఎక్కి ఏడ్చింది. అప్పుడు వచ్చింది పిల్లకి కూడా. కొత్త రబ్బరు నేలమీద సన్నటి ధార కట్టి, చాలాసేపు పారింది.

లేచి నిలబడిన ఆవిడ ఈలోగా వచ్చి, తువ్వాలు రెండో కొసను పట్టుకుంది.

ఇంటికి వెళ్లేలోపు ఆమె ఆ సీసా మూత తీసింది. సగం తను తాగి, మిగతా సగం కూతురికి ఇచ్చింది. పిల్ల అలవాటుగా నాన్న వంక చూసి, తర్వాత అమ్మ తడి ముఖం వంక చూసి, గటగటా తాగేసింది.