టెస్టింగ్ క్యాసెట్

రేడియోలో ఆ కార్యక్రమం ఆదివారం పొద్దున పదింటికి వస్తుంది. పేరున్న సంగీతకారుణ్ణి పిలిచి, ప్రాణంలా చూసుకునే ఐదు ఆల్బమ్‌లు, సొంత కాపీలే, వెంట తెమ్మంటారు. వాటిని అక్కడే వేసి వినిపిస్తూ, ఆయన బాణీల్లో ఏది ఎక్కణ్ణుంచి వచ్చిందో యాంకరమ్మ తీరిగ్గా కూపీ లాగుతుంది. అంతా ప్రత్యక్ష ప్రసారం. నోరు జారితే జారినట్టే.

మన సంగీత దర్శకుడు ఐదు రికార్డులు చంకన పెట్టుకుని వెళ్లాడు. ఐదూ దూరదేశపు మహామహులవే, ఐదూ నాలుగు రోజుల కిందట కొన్నవే. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఈయన అతికించడం కూడా పూర్తిగా చెయ్యలేదని కాసేపట్లో మీకే తెలుస్తుంది.

వెంట వాళ్లక్క వచ్చింది. తండ్రి పోయాక ఆయన రిపేరు షాపుని ఇరవై ఏళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. "రేడియోలు విప్పడమే కానీ, రేడియో స్టేషన్ లోపలెలా ఉంటుందో ఎప్పుడూ చూళ్లేదురా" అంటే కాదనలేకపోయాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఏముందో అతను అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

అందులో ఉన్నది షాపు టెస్టింగ్ క్యాసెట్. ఎవరిదో వయొలిన్ ఆల్బమ్, పేరు ఎప్పుడో చెరిగిపోయింది. బాగుచేసిన ప్రతి టేప్‌రికార్డర్‌లోనూ ముందు దాన్నే వేసి, తొలి నిమిషం విని, బాగుందనుకుంటే ఆపేసేవారు. రోజుకి పదిసార్లు అదే నిమిషం. బల్ల కింద కూచుని హోంవర్క్ చేసుకునే తమ్ముడికి ఎక్కాలకన్నా ముందు ఆ వయొలిన్ వచ్చేసింది. ఒకసారి టేపు నలిగిపోతే, అక్క నలిగిన అంగుళం ముక్క కత్తిరించి రెండు కొసలూ అతికించింది. అప్పట్నుంచీ అక్కడ తాళంలో ఎనిమిది దెబ్బల వరసకి ఎనిమిదోది లేదు. ఏడు దగ్గరే పాట ఎగిరి ముందుకి దూకుతుంది. టేపు పాడుచేసిందని నాన్న అక్కని నానా తిట్లూ తిట్టాడు. తమ్ముడికి మాత్రం ఆ దూకుడే నచ్చింది. పెద్దయ్యాక తన ప్రతి పాటలోనూ ఎనిమిదో దెబ్బ మింగేశాడు. జనం వెర్రెత్తిపోయారు.

తొలి పాట మార్మోగినప్పుడు ఓ పత్రికాయన, "ఆ తప్పిన దెబ్బ దూరదేశపు పియానో విద్వాంసుల ప్రభావమేనా?" అని అడిగాడు. "ఆఁ, అలాంటిదే" అన్నాడు ఇతను. రిపేరు షాపు బల్ల కిందనుంచి వచ్చిందని చెప్పడానికి నామోషీ. ఆ "ఆఁ" పదిహేనేళ్లలో పెరిగి పెద్దదై, ఇప్పుడు రికార్డుల వేషంలో చంకెక్కింది.

స్టూడియోలో అతనూ యాంకరమ్మా ఇటు, అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరూ అక్కా అటు. అక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏనుగెక్కినంత సంబరంగా చూస్తోంది.

"మూడోది నా పదో ఏట నుంచీ వింటున్నానండీ. అరిగిపోయేదాకా విన్నాను" అన్నాడు దర్శకుడు.

అవతల ఇంజనీరు ఆ రికార్డు చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. పైన ప్లాస్టిక్ కాగితం చిరగనే లేదు! అతను ఓసారి ఇటు చూసి, చప్పుడు కాకుండా గోటితో కాగితం చీల్చాడు. అక్క ఆ గోటినీ, కాగితాన్నీ, తమ్ముణ్ణీ మార్చి మార్చి చూసింది. ఇటునుంచి అదంతా చూసిన దర్శకుడు చూపు బల్ల మీదికి దించేసుకున్నాడు.

"మరి మీ పేరు నిలబెట్టిన ఆ తప్పిన దెబ్బ? ఐదో ఆల్బమ్ నుంచేనా?" అంది యాంకరమ్మ.

అప్పుడు అద్దానికవతల ఇంజనీరు ఒక క్యాసెట్ పైకెత్తి చూపించాడు. వేయమంటారా అన్నట్టు కళ్లెగరేశాడు. "ఆఖర్న వీడు దీన్నే అడుగుతాడు బాబూ, సిద్ధంగా పెట్టు" అని అక్క ముందే ఇచ్చిందట. ఆ సంగతి తర్వాత తెలిసింది. క్యాసెట్ మీద అక్క రాత, "టెస్టింగ్" అని. ఆవిడ కుర్చీలో ముందుకి జరిగి కూచుంది.

ఒక్క మాట చాలు. "అదిగో, అదీ" అంటే సరిపోయేది. కానీ మూడోదాని సంగతేమిటి? పదిహేనేళ్లుగా చెప్పినదంతా ఏమవుతుంది? అతను అద్దం వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఇంజనీరు క్యాసెట్ దించేశాడు. అక్క దాన్ని అతని చేతిలోంచి తీసుకుని బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసింది. దర్శకుడు ఐదో రికార్డు గురించి ఏదేదో వాగాడు. ఏం వాగాడో అతనికే తెలీదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాళ్లున్నారు కానీ, తెప్ప చూస్తుండగా తగలేసినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో అనుకున్నాడు.

తిరిగొస్తూ కార్లో అతను రోడ్డు మీంచి కళ్లు తిప్పలేదు. అక్క ముఖం చూడ్డానికి ముఖం చెల్లలేదు. ఆవిడే అంది, "బాగా మాట్లాడావురా. నాకే బుద్ధి లేదు, ఆ అతుకుల క్యాసెట్ తెచ్చాను. నేను పాడుచేసిన టేపు గురించి నలుగురిలో చెప్తే నీ పరువేం కాను?"

అతనికి చచ్చినంత పనయింది. సిగ్నల్ దగ్గర బండి ఆపి, స్టీరింగ్ వైపే చూస్తూ అన్నాడు, "అక్కా, ఆ టేపు నలిపింది నువ్వు కాదు. నువ్వు లేనప్పుడు నేనే బటన్లు నొక్కాను."

అక్క పకపకా నవ్వింది.

"ఆ మాత్రం తెలీదట్రా నాకు? టేపు మీద చాక్లెట్ జిగురు తుడిచింది ఎవరనుకున్నావు? నాన్న చేతిలో బెల్టుందని నేనే చేశానన్నాను."

"మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదే?"

"నువ్వే చెప్తావనుకున్నా." ఆవిడ బ్యాగు ఒళ్లో సర్దుకుంది. "'నువ్వేనట్రా?' అని నాన్న అడిగితే అప్పుడు తల అడ్డంగా ఊపావు చూడు, ఇందాక అద్దంలోంచి అచ్చం అలాగే ఊపావు. నువ్వేం మారలేదురా చిన్నోడా!"

ముద్దుగానే అంది. అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. ఉంటే భరించేవాడే.

వెనక బళ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు.

"పదరా, పచ్చదీపం పడింది" అంది అక్క. "షాపు దగ్గర దించేయ్. ఒక టేప్‌రికార్డర్ వచ్చింది, టెస్ట్ చెయ్యాలి."