ముప్పై ఐదు నిండిన నాయకుడు

నా తమ్ముణ్ణి వార్డంతా మైకన్న అంటుంది. వీధి ఈ చివర నోరు విప్పితే ఆ చివర వినిపిస్తుంది మరి. కౌన్సిలరై నాలుగేళ్ళయినా వాడి ప్రాణమంతా యువజన సంఘంలోనే ఉంది. పదమూడేళ్ళుగా దానికి వాడే అధ్యక్షుడు. ఆఫీసు నా కుట్టు కొట్టు మీది గది.

వాడికి ముందు తల నెరిసినా కుర్చీ దిగని పెద్దమనిషి ఒకాయన అధ్యక్షుడిగా ఉండేవాడు. ఆయన్ని దింపడానికి మావాడే ఓ నియమం రాశాడు: ముప్పై ఐదు నిండినవాళ్ళు సంఘంలోంచి తప్పుకోవాలి. అది చాలదన్నట్టు, ఆ నియమం మార్చాలంటే సభ్యులందరూ చేతులెత్తాలని ఇంకో ముడి వేశాడు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. ఈ ఆదివారం వాడికి ముప్పై ఐదు నిండాయి.

వారం ముందునుంచీ వాడికి అన్నం సయించలేదు. ఓ రోజు జుట్టుకి రంగేసుకొచ్చాడు.

"రంగేస్తే పుట్టినతేదీ మారుతుందట్రా?" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు వెధవ. "ఆ గది లేకపోతే నేనేంటక్కా?" అన్నాడు. అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగినవాడు.

ఆదివారం పొద్దున్నే మీటింగు. టీ పట్టుకుని నేనూ పైకి వెళ్ళాను. ఉపాధ్యక్షురాలు కుళాయిల పని చేసే పిల్ల. వీడు దిగితే ఆ కుర్చీ తనదే. అయినా ముందు తనే లేచింది.

"వయసు నలభైకి పెంచుదాం. అన్న లేకపోతే మున్సిపాలిటీలో మన మాట ఎవడు వింటాడు?"

చేతులు టపటపా లేచాయి. గండం గడిచిందనుకున్నాను. వాడు కుర్చీలోంచి కదలకుండా కళ్ళతోనే లెక్కపెట్టాడు, రెండుసార్లు.

"మనం నలభై రెండు మందిమి. లేచిన చేతులు నలభై ఒకటి. తీర్మానం వీగిపోయింది."

"ఎవరా ఎత్తనిది?" ఆ పిల్ల కోపంగా చుట్టూ చూసింది.

"నేనే," అన్నాడు. గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టి మెట్లు దిగిపోయాడు.

నేను వెనకాలే వచ్చేసరికి నా కుట్టుమిషను పక్కన బల్ల మీద కూలబడి ఉన్నాడు.

"ఎందుకురా అలా చేశావు? అంతమంది కావాలంటుంటే!"

"ఎత్తాలనే ఉందక్కా," అన్నాడు. "లెక్కపెడుతున్నంతసేపూ రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టుక్కూర్చున్నా."