పోలిష్ పుటలో దేవన్న

సౌదీలోని ఖఫ్జీలో సాయంత్రం అసర్ నమాజు కాగానే అబ్దుల్ వహాబ్ మొబైల్ షాపు ముందు జనం చేరేవాళ్లు. కొందరు ఫోన్లు బాగుచేయించుకోడానికి, ఎక్కువమంది తమ గురించి కొత్తగా ఏం పడిందో కనుక్కోడానికి. వహాబ్ భార్య హాజిరా వెనక గదిలో, పరదా అవతల, ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చునేది. చమురు కంపెనీలో పనిచేసిన పోలండ్ ఇంజనీరొకాయన దేశం వెళ్లిపోతూ వదిలేసింది అది. ఏది తెరిచినా పోలిష్‌లోనే వచ్చేది. అందులో ఒక పెద్ద విజ్ఞాన సర్వస్వం ఉండేది. ఖఫ్జీకి పని కోసం వచ్చిన ప్రతి మనిషికీ దాంట్లో ఒక పుట. అది తనంతట తనే పెరిగేది. రాసేదెవరని ఎవరూ అడగలేదు.

హాజిరాది రాజంపేట. పిల్లల్లేని ఇంట్లో పొద్దుపోక, నిఘంటువు పక్కన పెట్టుకుని పోలిష్ నేర్చుకుంది.

ఆ ఏడు మొబైల్ షాపుల్లో సౌదీలు తప్ప ఎవరూ ఉండకూడదని ఆర్డరొచ్చింది. వీసా ఇచ్చిన యజమాని, కఫీలు, వహాబ్‌కు ఇక దేశం విడిచిపొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టించేశాడు. షాపు ఖాళీ చేసే రోజున వహాబ్ గాజు బీరువాలు విప్పుతుంటే దేవన్న వచ్చాడు. మెట్‌పల్లి వైపు తాపీమేస్త్రి. ఇద్దరూ నిలబడే చాయ్ తాగారు.

చాలినంతమంది సౌదీలను పనిలో పెట్టుకోలేదని దేవన్న కంపెనీ నితాకత్‌లో రెడ్‌లో పడింది. అక్కడ ఉండనిచ్చే కార్డు, ఇకామా, రెన్యూ కాలేదు. ఇంటికి పంపండని అడిగితే, పారిపోయాడని హురూబ్ కేసు పెట్టారు. ఉండలేడు, పోలేడు. ఈమధ్య ఛాతీలో నొప్పి కూడా.

"చెల్లె, ఆఖరిసారి సూడు. ఇంటికి వోతనా?" అన్నాడు పరదా ఇవతల నిలబడి.

హాజిరా పుట తెరిచింది. పుట్టిన తేదీ పక్కన చనిపోయిన తేదీ కూడా వచ్చేసింది. రాబోయే శుక్రవారం. చోటు, ఖఫ్జీ.

ఇలాంటి తేదీనే ఒకసారి ఒక డ్రైవరు కోసం చెరిపింది. ఆధారం లేదంటూ రెప్పపాటులో మళ్లీ వచ్చి కూర్చుంది. ఒక్క దారే మిగిలింది. చెప్పుకోదగ్గ మనిషి కాడని రాస్తే మొత్తం పుటే పోతుంది.

"మంచి మాట రాలేదన్నా," అంది. "నిన్ను దీంట్లోంచి తీసేయొచ్చు. అప్పుడు ఆఫీసోళ్లకు నువ్వు కనపడవు, ఎయిర్‌పోర్టులో ఆపరు. కానీ ఇంకా ఎవరెవరు నిన్ను మర్చిపోతారో నాకు తెలీదు."



"ఎవ్వలు మరిసినా మా గౌరవ్వ మరువది. పెండ్లాం గదా. తీసెయ్యి."

కారణం రాయాలి. హాజిరా పోలిష్‌లో రాసింది: ఇతను చెప్పుకోదగ్గ మనిషి కాడు. ఏ గొప్ప పనీ చేయలేదు. ఇతను లేకపోతే ఎవరికీ లోటు లేదు. దేవన్న కట్టిన బడి గోడ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఆమె అటు చూడలేదు.

"ఏం రాసినవ్ చెల్లె?"

"మంచోడివని రాసినా అన్నా."

పుట పోయింది. వహాబ్ అట్టపెట్టె ఎత్తుకుని వచ్చి దేవన్నను చూసి ఆగాడు.

"ఎవరన్నా మీరు? షాపు మూసేసినామే."

దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దేవన్నను ఎవరూ ఏమీ అడగలేదు. విమానంలో భోజనాల బండి కూడా అతన్ని దాటుకుని పోయింది.

హాజిరా మాత్రం మర్చిపోలేదు. రాసిన చెయ్యి తనది. ఆ శుక్రవారం దాటాక రాజంపేటలో ఆమె ఫోను మోగింది.

"చెల్లె, ఇంటికొచ్చిన. పాణం మంచిగనే ఉన్నది."

"గౌరవ్వ ఎట్లుండాది అన్నా?"



"ఎవలయ్యా, ఎవల్ కావాలె అన్నది. తర్వాత, ఎండలవడి వచ్చినట్టున్నవ్ అని అరుగు మీద కూసుండవెట్టి అన్నం వెట్టింది."

హాజిరా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పెరటి గోడ కూలివోయి ఉన్నది చెల్లె. రేపు మల్ల వోత. కట్టియ్యాల్నా అమ్మా అని అడుగుత."